ఎర్ర అంకెకు పసుపు కుంకుమ

రాజురా బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడది చంద్రపూర్‌లో ఇరై నది ఒడ్డున మామగారు కట్టిన ఇల్లట. నేను తెలుగువాణ్నని తెలియగానే ఫోన్‌లో ఫొటో చూపించింది.

వాకిలి పక్క గోడ మీద వరద నీళ్లు ఎంతదాకా వచ్చాయో గీతలు, వాటి పక్కనే పిల్లల ఎత్తు గీతలు. మూడు తరాలవి. అన్నిటి మీదా ఎర్ర రంగుతో నలభై ఏడు అని వేసి ఉంది. అంకెకు పసుపు కుంకుమ పెట్టి, పైన ప్లాస్టిక్ కాగితం అంటించారు.

"సర్కారోళ్లు ఏసిండ్రు బిడ్డా. నంబరున్నోళ్లకు పక్కా ఇండ్లిస్తరట. మాకేయలేదని పక్కింటోళ్లు కుళ్లుకుంటుండ్రు."

ఆ నంబరు వేసింది నేనే. కూల్చే ఇళ్లకే వేశాం. ఆ రోజు ఆమె ఇంట్లో లేదు. కోడలు నాకు చాయ్ కూడా ఇచ్చింది.

"వానకు చెరిగిపోతే మళ్ల ఏస్తరా?" అని అడిగింది పెద్దావిడ.

"అవసరం పడదమ్మా. దీపావళిలోపే కొత్తింట్లో ఉంటారు" అన్నాను.

"నీ నోట్ల చక్కెర పొయ్య!" అంటూ సంచిలోంచి జామకాయ తీసి నా చేతిలో పెట్టింది.

రాజురా రాకముందే తినేశాను. తియ్యగానే ఉంది.