రెండుసార్లు వచ్చిన రాక్షసుడు

గవర్నర్‌పేటలో మా చూపులేని పిల్లల హాస్టలుకని, రిటైరైన హెడ్మాస్టరుగారొకాయన మాంత్రికుడి గుహకెళ్లిన పిల్లల కథొకటి చదివి స్పూలు టేపు మీద రికార్డు చేసిచ్చారు. ఈ రోజు సాయంత్రం ఆయన ఎదుటే పెట్టి వినిపించాం. ప్రతి వాక్యమూ డిక్టేషన్ చెప్పినట్టు రెండేసిసార్లు చదివారు. గుహలోంచి రాక్షసుడు వచ్చాడు. గుహలోంచి రాక్షసుడు వచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మాస్టారూ, పిల్లలు రాసుకోవట్లేదండీ, వింటున్నారు," అన్నాను.

"రెండోసారి చెప్పకపోతే బుర్రకెక్కదయ్యా," అన్నారాయన.

ముందు వరసలోంచి ఎనిమిదేళ్ల మరియమ్మ లేచి, "రాక్షసుడు మొదటిసారి వచ్చినప్పుడు భయమేసిందండీ. రెండోసారి వెయ్యలేదు," అంది.

భయం పోగొట్టానని ఆయన పొంగిపోయారు. రెండో భాగమూ తనే చదువుతారట. టేపు రికార్డరు పాడుచేసే ఉపాయం మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ఒక్కసారి చెబితే చాలు.