మడమ అరిగిన చెప్పుల నడక

చప్పుళ్ళు చేయడం ఆమె ఉద్యోగం. ఎవరైనా అడిగితే అలాగే చెబుతుంది. "ఏం చప్పుళ్ళు?" అంటే "అన్నీ" అంటుంది. చెప్పే బదులు చేసి చూపించడమే ఆమెకు తేలిక. ఒకసారి ఎదురింటావిడ పట్టు వదలకుండా అడిగితే, లోపలికెళ్ళి ఒక పాత తోలు సంచీ తెచ్చి, ఆవిడ చెవి వెనకగా పట్టుకుని మెల్లగా మెలిపెట్టింది. ఎక్కడో ఒక తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. ఎదురింటావిడ ఉలిక్కిపడి వెనక్కి చూసింది. వెనక గోడ తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత ఆవిడ ఈ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

అసలు ఆమెది కుట్టుపని. సినిమాలకు మాటలూ చప్పుళ్ళూ చేర్చే ఒక స్టూడియోలో, గోడలకు వేలాడదీసే మందపాటి తెరలు కుట్టడానికి వెళ్ళింది. తెరమీద బొమ్మ ఆడుతుంటే, అందులోని మనిషితో పాటు నడిచి అడుగుల చప్పుడు రికార్డు చేయించే ఆయన ఆ రోజు రాలేదు. అందరూ తలలు పట్టుకు కూర్చున్నారు. కుట్టుమిషను పక్కన కూర్చుని అప్పటికే ఆయన పనిని చాలాసార్లు చూసి ఉన్న ఈమె, "నేను నడవనా?" అంది. వాళ్ళు నవ్వారు. నడిచాక నవ్వలేదు. తెరలు కుట్టడం పూర్తయినా ఆమె మళ్ళీ కుట్టుపనికి వెళ్ళలేదు.

ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. సంతలో కూరగాయలు కొంటూ చెవులు రిక్కించేది. ఏ ఆకుకాడ విరిస్తే ఎముక విరిగినట్టుంటుందో, తడిబట్ట ఎలా పిండితే పేగులు కదిలినట్టుంటుందో తనే కనిపెట్టింది. నడకల విషయంలో మాత్రం ఒక నియమం పెట్టుకుంది. నడక ముందు, చెప్పు తర్వాత. ఎవరు నడుస్తున్నారు, బరువు ఏ కాలి మీద వేస్తున్నారు, తొందరా, బద్ధకమా అన్నది మొదట ఒంటికి పట్టాలి. వట్టి పాదాలతో నడిచి చూడాలి. అప్పుడు బీరువా తెరిచి ఆ నడకకు సరిపడే చెప్పు వెతకాలి. ముందే చెప్పు తొడిగితే అది తన నడకే నడిపిస్తుంది.

ఇప్పుడు ఆమె పనిచేస్తున్నది వీడియో గేమ్‌లు తయారుచేసే ఒక చిన్న ఆఫీసులో. మేడ మీద రెండు గదులు. ఒకదాంట్లో కంప్యూటర్లు. రెండోదాంట్లో గచ్చు పలక, చెక్క పలక, ఇసుక తొట్టి, మైకు, చెప్పుల బీరువా. ఆటను ఊహించి రాసేది ఒక కళ్ళజోడమ్మాయి. దాన్ని కంప్యూటర్లో కదిలేట్టు చేసేది గడ్డం పెంచిన ఒక కుర్రాడు. అతన్ని అందరూ గడ్డం అనే పిలుస్తారు, అతనూ పలుకుతాడు. ఈమెను అందరూ చప్పుళ్ళక్క అంటారు.

ఆటకు ఇంకా పేరు పెట్టలేదు. కథ మాత్రం కళ్ళజోడమ్మాయిదే. ఆమె తల్లి పోయినప్పటి నుంచి ఒకే కల వస్తోందట. అదే ఇల్లు, కానీ గదులు మారిపోయి ఉంటాయి. బయట వసారాలో అమ్మ నడుస్తూ ఉంటుంది. ఆ వస్తున్నది అమ్మో కాదో తెలియదు. ఆటలోనూ అంతే. ఆడేవాళ్ళు ఆ కలల ఇంట్లో గది నుంచి గదికి తప్పించుకుంటూ తెల్లవారేదాకా ప్రాణాలు నిలుపుకోవాలి.

"ఆ నడక వింటే గుండె గుభేలుమనాలి అక్కా. కానీ అది అమ్మ నడకలాగే ఉండాలి" అంది అమ్మాయి.

"దానికంత తిప్పలెందుకు? ఒక్కో అడుగూ విడిగా ఇచ్చేయ్ అక్కా. వాటిని కంప్యూటరే కలిపి నడుస్తుంది" అన్నాడు గడ్డం.

"మీ కంప్యూటరుకి మోకాలి నొప్పుందా?"

"లేదు."

"అయితే అది ముసలావిడలా ఎలా నడుస్తుంది నాయనా? ఆ మైకు పెట్టి అవతలికి పో."

ఆ రోజు పని ఒత్తిడి ఎక్కువగా ఉంది. మెట్ల మీద పడే బకెట్టు, చిరిగే దుప్పటి, గాజుపెంకుల మీద పాకే చెయ్యి, అన్నీ అదే రోజు కావాలన్నారు. చివరగా అమ్మ నడక మిగిలింది. ఆమె బీరువా తెరిచి, చేతికందిన తోలుచెప్పులు కాళ్ళకు తగిలించుకుని గచ్చు పలక మీద నడిచింది. ఏ తడుములాటా లేకుండా మొదటిసారే కుదిరింది. అంత సులువుగా కుదిరినప్పుడే అనుమానించి ఉండాల్సింది. ఇంటికి బస్సు వెళ్ళిపోతుందన్న తొందరలో అనుమానించలేదు.

బయటివాళ్ళను పిలిచి ఆట ఆడించి చూసే రోజు దగ్గర పడుతోంది. దానికి ముందు పక్క ఆఫీసువాళ్ళను కూర్చోబెట్టి ఒకసారి ఆడించారు. అక్కడ తేడా కొట్టింది. వసారాలో అడుగులు మొదలవగానే వాళ్ళు పరుగెత్తలేదు. ఆగి వింటున్నారు. ఒకావిడ అయితే కుర్చీలో నిటారుగా సర్దుకుని కూర్చుంది. అంతలో ఆ ఆకారం వచ్చి మీద పడేది, ఆట ముగిసేది.

"ఎందుకు పారిపోలేదండీ?" అని అడిగింది కళ్ళజోడమ్మాయి.

"ఏమో. ఎవరో పెద్దావిడ మంచినీళ్ళు తెస్తున్నట్టు అనిపించింది" అందావిడ.

గడ్డం నవ్వు ఆపుకోలేకపోయాడు. తర్వాత సీరియస్‌గానే అన్నాడు. "చూడక్కా, ఇది కుదరకపోతే నా దగ్గర రెడీగా ఉంది. గోళ్ళు గీరుకుంటూ, గుర్రుమంటూ వచ్చే చప్పుడు. పెట్టేస్తే ఠారెత్తిపోతారు."

"అప్పుడది మా అమ్మ కాదు, రాక్షసి అవుతుంది" అంది అమ్మాయి. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. "సోమవారం దాకా చూద్దాం అక్కా. కుదరకపోతే గోళ్ళే పెడదాం."

ఆమె వాదించలేదు. నడక భయపెట్టాలి, భయపెట్టలేదు, కాబట్టి పని పూర్తి కాలేదు. ఆ నడకను ఫోన్లో ఎక్కించుకుని, అవసరమైతే మళ్ళీ నడిచి చూడొచ్చని ఆ చెప్పులనూ సంచిలో వేసుకుని ఇంటికి వెళ్ళింది.

ఆమె భర్త లేత్ మెకానిక్. ఇనుప కడ్డీని వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కుతాడు గానీ, మనసులో మాట బయటపెట్టమంటే నోరు పెగలదు. ఆ ఏడాది మొదట్లో ఆయన తల్లి పోయింది. అత్తాకోడళ్ళకు రోజుకో తగువు ఉండేది. ఉప్పు డబ్బా ఎక్కడుండాలన్న విషయం వాళ్ళ మధ్య చివరిదాకా తేలలేదు. పెద్దావిడ పోయాక ఆ డబ్బాను కోడలు తనకు నచ్చిన చోటికి ఒక్కపూట మార్చి, మళ్ళీ పాత చోటే పెట్టేసింది. ఆయన మాత్రం తల్లి గురించి ఒక్క మాటైనా అనలేదు, కన్నీరూ పెట్టలేదు. ఆవిడ గదిలోకి వెళ్ళలేదు. తల్లికి తెలియకుండా పెరటి కిటికీ దగ్గర దొంగచాటుగా తాగే సిగరెట్టు మాత్రం, ఇప్పుడు హాల్లోనే బాహాటంగా తాగుతున్నాడు. నెరిసిన మీసాలతో తల్లికి భయపడే ఆ మనిషిని చూసి ఒకప్పుడు ఆమె నవ్వుకునేది.

ఆదివారం మధ్యాహ్నం ఆయన హాల్లో బల్ల మీద కాళ్ళు చాపుకుని పొగ వదులుతున్నాడు. ఆమె లోపలి గదిలో ఫోన్‌ను చిన్న స్పీకరుకు తగిలించి, తప్పెక్కడుందో వినడానికి నడకను పెట్టింది.

హాల్లో బల్ల కిర్రుమంది. ఆమె తొంగిచూసింది. ఆయన కాళ్ళు కిందికి దించేశాడు. సిగరెట్టు కిటికీలోంచి బయటపడింది. పత్రికతో పొగను ఇటూ అటూ విసురుతూ, గొంతు తగ్గించి, "ఏమే, అమ్మొస్తోంది, ఆ కిటికీ ఇంకాస్త తెరువు" అన్నాడు.

అన్నాక ఆయనకే తెలిసింది. పత్రిక పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

ఆమె స్పీకరు ఆపేసింది. అప్పుడు గుర్తుకొచ్చింది, ఆ చెప్పులెవరివో. పెద్దావిడ పోయాక ఆవిడ సామాను సర్దుతుంటే కనిపించాయి. గట్టి తోలు, మంచి అడుగు. పారేయడం దేనికి, పనికొస్తాయని సంచిలో వేసుకెళ్ళి ఆఫీసు బీరువాలో పెట్టింది. ఆవిడ కుడిమోకాలు వంగేది కాదు. ఆ కాలిని కాస్త ఈడ్చి, మడమ బయటి అంచు మీద బరువు వేసేది. ఏళ్ళ తరబడి నడిచి నడిచి ఆ చెప్పు అటువైపే అరిగిపోయింది. దాన్ని ఎవరు తొడిగినా పాదం అటే ఒరుగుతుంది. నియమం తప్పి చెప్పు ముందు తొడిగింది కాబట్టి, గచ్చు మీద నడిచింది తన కాళ్ళే అయినా, నడిపించింది అత్తగారు.

"మీ అమ్మగారి చెప్పులండీ. చూసుకోకుండా తొడిగాను" అంది. "తీసేస్తాను. ఎలాగూ ఎవరూ భయపడటం లేదంటున్నారు."

ఆయన పత్రిక మడిచి బల్ల మీద పెట్టాడు. తర్వాత అన్నాడు.

"నడుస్తుంటే భయమెందుకేస్తుంది? అమ్మ నడుస్తున్నంతసేపూ నాకెప్పుడూ ధైర్యమే. ఇంకా అంత దూరంలో ఉందిలే అని. ఆగితేనే భయం. ఆగిందంటే వాసన పసిగట్టిందన్నమాట."

"అవును. నాకూ అంతే. వంటింటి గుమ్మం దగ్గర ఆగిందంటే నాకు మూడినట్టే."

ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"ఆ రోజూ అలాగే ఆగింది. నేను పెరటి కిటికీ దగ్గరున్నా. దొరికిపోయాననుకుని, నోట్లో పొగ అలాగే బిగబట్టి నిలబడ్డా. ఎప్పుడు తిడుతుందా అని చూస్తున్నా. తిట్టలేదు. వెళ్ళి చూడొచ్చు కదా. చూడలేదు. నువ్వు వచ్చి అరిచేదాకా కదల్లేదు నేను."

ఆ సంగతి ఆమెకు అంతవరకూ తెలియదు. వసారాలో పెద్దావిడ గోడకు ఆనుకుని కూలబడి ఉండటం చూసింది తనే. డాక్టరు అప్పుడే చెప్పాడు, ఆ గుండె ఒక్కసారిగా ఆగిపోయిందనీ, పక్కనే ఎవరున్నా చేయగలిగింది లేదనీ. ఆ మాట ఆయనా విన్నాడు. విన్నంత మాత్రాన లోపలికి దిగదు కదా. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పక్కన కూర్చుని సూటిగా అడిగింది.

"నాకిప్పుడు పని ఎలా చేయాలో తెలిసింది. కానీ ఆ నడక మీ అమ్మది. ఆ ఆగడం మీది. వాడుకోనా, వద్దా? మీరు వద్దంటే గోళ్ళ చప్పుడు పెట్టుకుంటారు. దాంతో మునిగిపోయేదేం లేదు."

ఆయన లేచి నిలబడ్డాడు. "ఆ చెప్పులేవీ?" అన్నాడు. సంచిలోంచి తీసి ఇచ్చింది. వాటిని తీసుకుని వర్క్‌షాపుకు వెళ్ళిపోయాడు. సాయంత్రం తిరిగొచ్చి బల్ల మీద పెట్టాడు. ఎడమ చెప్పుకి ఊడబోతున్న పట్టీని గట్టి దారంతో కుట్టి ఉంది. కుడి చెప్పు మడమను మాత్రం ముట్టుకోలేదు.

"నడిచేటప్పుడు జారుతుంది, అందుకని కుట్టా" అన్నాడు. ఆ ఇంట్లో దాన్ని సరేననడమంటారు.

సోమవారం ఆమె మైకు ముందు నిలబడి, ఈసారి తెలిసే ఆ చెప్పులు తొడిగింది. నడిచింది. ఎదురుగా తలుపున్నట్టు ఆగింది. ఆగాక కదలకుండా చాలాసేపు నిలబడింది.

"అయిపోయిందా అక్కా?" అన్నాడు గడ్డం.

"నువ్వు మాట్లాడి పాడుచేశావు. మళ్ళీ."

రెండోసారి ఎవరూ మాట్లాడలేదు. నిశ్శబ్దం సాగుతున్న కొద్దీ గడ్డం తన చెవుల మీది హెడ్‌ఫోన్స్‌ను రెండు చేతులా నొక్కి పట్టుకున్నాడు. చివరికి తీసేసి, "ఒళ్ళు జలదరించిందక్కా. ఇందులో చప్పుడే లేదు కదా!" అన్నాడు.

"అదీ చప్పుడే. జాగ్రత్తగా దాచు, చెరిపేసేవు."

కళ్ళజోడమ్మాయికి వేరే చిక్కొచ్చింది. "ఆగాక ఆడేవాళ్ళు ఏం చెయ్యాలి? దాక్కోవాలా?"

"నీ కలలో నువ్వేం చేస్తావు తల్లీ?"

"దుప్పటి ముసుగేసుకుంటాను."

"అప్పుడు కల అయిపోతుందా?"

అమ్మాయి ఆలోచించింది. "లేదు. మళ్ళీ మొదటినుంచీ వస్తుంది."

"మరింకేం. దాక్కున్నవాళ్ళకి మళ్ళీ మొదటినుంచీ పెట్టు. తలుపు తీసి చూసినవాళ్ళకి తెల్లారనీ."

బయటివాళ్ళను పిలిచిన రోజు ఆఫీసు మెట్ల నిండా చెప్పులే. ఆడేవాళ్ళ అరుపులూ మాటలూ రికార్డు చేయడానికి గదిలో మైకులు పెట్టారు. ఆడినవాళ్ళలో కండలు తిరిగిన ఒక వ్యాయామం మాస్టారు, అడుగులు ఆగగానే మీటలు వదిలేసి చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. "ఏమైంది, ఎందుకాగింది? రమ్మనండి, ఏదో ఒకటి రమ్మనండి!" అన్నాడు. ఎన్నిసార్లు మొదటికొచ్చినా మంచం కిందే దూరాడు. చివరికి పళ్ళు బిగించి తలుపు తీశాడు. చెప్పులు విడిచిన చప్పుడు వినిపించింది గానీ, వసారాలో ఎవరూ లేరు. గుమ్మం పక్కన ఒక జత చెప్పులు, కిటికీలోంచి వెలుతురు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి ముఖం తుడుచుకున్నాడు. గోళ్ళ మాట గడ్డం మళ్ళీ ఎత్తలేదు.

అందరూ వెళ్ళాక లేత్ మెకానిక్ వచ్చాడు, భార్యను ఇంటికి తీసుకెళ్ళడానికి. వర్క్‌షాపు బట్టల్లోనే ఉన్నాడు. గుమ్మంలో నిలబడి, "నేనొకసారి ఆడొచ్చా?" అన్నాడు.

కళ్ళజోడమ్మాయి కుర్చీ లాగి, ఏ మీట ఏమిటో చూపించింది. ఆయన చేతులకు మీటలు కొత్త కాదు. అడుగులు మొదలయ్యాయి. కుడికాలు ఈడ్చుకుంటూ దగ్గరకొచ్చాయి. తలుపుకి అవతల ఆగాయి.

ఆయన బొటనవేలు కదిలింది. తలుపు తెరుచుకుంది.

"అమ్మో, ఇంత త్వరగా ఎవరూ తియ్యలేదు బాబాయ్! భయం వెయ్యలేదా?"

"వేసిందమ్మా" అన్నాడాయన. తెర మీద తెల్లవారుతున్న వసారాను, గుమ్మం పక్కనున్న చెప్పులను చూస్తూ కూర్చున్నాడు. భుజాలు అదిరాయి. చప్పుళ్ళక్క గడ్డానికి సైగ చేసింది, అతను మైకులన్నీ ఆపేశాడు. ఆ గదిలో ఆ రోజు రికార్డు కాని చప్పుడు అదొక్కటే.

తర్వాత ఆయన జేబురుమాలు మడిచి లోపల పెట్టుకుని, ఎప్పటి గొంతుతోనే భార్యను అడిగాడు. "అమ్మ చెప్పులు విడిస్తే ఎడమది ముందు విడిచేది. చివర్లో ఆ చప్పుడు అలాగే చేశావా?"

"చేశానుగా. మీరు వినలేదా?"

"సరిగ్గా వినలేదు. మళ్ళీ పెట్టమ్మా" అన్నాడు అమ్మాయితో, కుర్చీ ముందుకు జరుపుకుంటూ.