తొమ్మిది కిలోల కండ

మూడు నెలలు బరువులెత్తి బాక్సర్ గున్న తొమ్మిది కిలోల కండ పెంచాడు. హెవీవెయిట్ జట్టు ఎంపిక పోటీకి ఇంకా నెల ఉంది. ముప్పై ఏళ్లుగా బాక్సింగ్ నేర్పుతున్న మేనమామ అలవాటుగా కళ్లు మూసుకుని, చేతులకు ప్యాడ్లు తొడుక్కుని నిలబడ్డాడు. దెబ్బల్ని ఆయన చెవులతోనే తూకం వేస్తాడు.

మూడో రౌండుకి గున్న గుద్దుల చప్పుళ్ల మధ్య ఎడం పెరిగింది.

“దెబ్బ గట్టిదేరా, కానీ తీరిగ్గా వస్తోంది. ఈలోగా అవతలివాడు కాఫీ తాగొస్తాడు.”

“కండ పెరిగితే బలమే కదా మామయ్యా?”

“ఆ కండకీ ఊపిరి కావాలిగా. బరువులు ఆపి పరుగెత్తు.”

గున్న మూతి ముడుచుకున్నాడు గానీ మాట విన్నాడు. పోటీ నాటికి ఐదు కిలోలు తగ్గాడు. ఆఖరి రౌండులో ప్రత్యర్థి చేతులు వాలిపోయాయి, గున్నవి గడ్డం దగ్గర్నుంచి దిగలేదు. ఫలితం చెప్పకముందే మేనమామ నింపాదిగా సంచి సర్దేశాడు.