తవిటయ్య ఎంచిన సెట్టు

జంషెడ్‌పూర్ అగ్రికోలో తెలుగువాళ్ళ సంఘానికి ఉన్నది ఒకటే గది. గోడ వారగా రెండు బెంచీలు, నేల మీద చాపలు, కిటికీ దగ్గర బల్ల, బల్ల ముందు ఒక కుర్చీ. బల్ల మీద రేడియో. సాయంత్రం షిఫ్టు దిగినవాళ్ళు పదిహేనుమందో ఇరవైమందో వచ్చి చాపల మీద చేరగిలబడతారు. కుర్చీలో మాత్రం తవిటయ్య కూర్చుంటాడు. అలా కూర్చోవాలని ఎవరూ తీర్మానం చెయ్యలేదు. హైదరాబాదును పట్టేవాడు రేడియో ముందుండాలి, పట్టేవాడు తవిటయ్య, అంతే.

జంషెడ్‌పూర్‌కి తెలుగు షార్ట్‌వేవ్ మీదే రావాలి. అది వచ్చినట్టే వచ్చి వెనక్కి పోతుంది. పక్కనే ఏదో దేశం స్టేషను గట్టిగా మాట్లాడుతూ ఉంటుంది. ఆ రెంటి మధ్య వెంట్రుక వాసి చోటులో ముల్లు నిలబెట్టాలి. ఊళ్ళో ఏం జరుగుతోందో ఉత్తరం చెప్పేలోగా వారం గడిచిపోతుంది కాబట్టి, ఆ వెంట్రుక వాసి చోటు కోసం మనుషులు ఏడెనిమిది మైళ్ళు సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాళ్ళు.

తవిటయ్యకి యాభై రెండేళ్ళు. బొబ్బిలి ప్రాంతం నుంచి వచ్చాడు. బిర్సానగర్‌లో కాపురం. ఇంటికి దగ్గర్లోనే ఒక చిన్న ఫోర్జింగ్ షెడ్డులో ఇరవై మూడేళ్ళుగా సుత్తి మిషను పని. ఎర్రగా కాలిన ఇనపదిమ్మని పట్టకారుతో పట్టుకుని నిలబడితే పైనుంచి సుత్తి దిగుతుంది. రోజుకి ఎన్నిసార్లు దిగుతుందో లెక్క పెట్టడం ఎప్పుడో మానేశాడు.

రేడియో విప్పి బాగుచెయ్యడం అతనికి రాదు. రాదనే చెప్పేవాడు. అతనికి తెలిసింది సెట్టుని ఎంచడం. తెలుగువాళ్ళలో ఎవరు రేడియో కొనాలన్నా అతన్ని బిష్టుపూర్ బజారుకి తీసుకుపోయేవాళ్ళు. దుకాణంలో ట్యూబ్‌లైట్ కింద సెట్టుని చూడనిచ్చేవాడు కాదు. ట్యూబ్‌లైట్ గరగర కూడా సెట్టు తప్పులాగే వినిపిస్తుందని, డాబా మీదికి పట్టించేవాడు.

"దూరాన్ని లాగడం ఒక ఎత్తు, పక్కోణ్ణి తొయ్యడం ఒక ఎత్తు," అనేవాడు. "లాగే సెట్టు అందర్నీ లాగుతాది. తోసే సెట్టు మనోణ్ణి కూడా కొంచెం తోత్తాది. నీకేటి కావాలో ముందు సెప్పు."

చెక్కపెట్టె వాల్వు సెట్టు గొంతు మనిషి గొంతులాగే ఉంటుందని అతనికి ఇష్టం. కానీ అది వేడెక్కేకొద్దీ స్టేషను జారుతుంది, ఎండాకాలం వోల్టేజి పడితే నీరసిస్తుంది, కరెంటు పోతే చెక్కపెట్టే. తోలుసంచీ ట్రాన్సిస్టర్ ఎక్కడికైనా వస్తుంది గానీ సెల్లు సగం అవగానే స్టేషను పక్కకి నడుస్తుంది, చెయ్యి దగ్గరకి తెస్తే ఒక మాట, తీస్తే ఒక మాట. ఇవన్నీ సుత్తి మిషను గురించి చెప్పినట్టే విసుగ్గా, ఏ సెట్టునీ మరీ పొగడకుండా చెప్పేవాడు. అందుకే నమ్మేవాళ్ళు.

సంఘం గదిలో పాతది చెక్కపెట్టె సెట్టే. దానికి ముందు వైపు పచ్చకన్ను ఉండేది. స్టేషను సరిగ్గా తగిలినప్పుడు ఆ పచ్చటి వెలుగు రెండు పక్కల నుంచీ వచ్చి కలుస్తుంది. తవిటయ్య ఇంట్లోనూ అలాంటిదే ఉంది. పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది ఆగస్టులో గదిలో సెట్టు మూగబోయింది. దానికి వెయ్యాల్సిన వాల్వు ఇప్పుడెవరూ తెప్పించడం లేదని దుకాణాలవాళ్ళు చెప్పేశారు. పనిముట్లకి చేసే విశ్వకర్మ పూజకి గదిలో రేడియో ముందే పటం పెట్టి పూజ చెయ్యడం వాళ్ళ అలవాటు. ఆ పూజలోగా కొత్తది రావాలనుకున్నారు.

సంఘం సెక్రటరీ జగ్గారావు తవిటయ్యని వెంటబెట్టుకుని బిష్టుపూర్‌లో ఘోష్ బాబు దుకాణానికి వెళ్ళాడు. ఆ ధరలో రెండు సెట్లున్నాయి. ఒకదానికి నాలుగు బ్యాండ్లు, పొడుగాటి ఏరియలు, స్టేషను బలం చూపించే చిన్న ముల్లు. రెండోది నల్లటిది, ముల్లు లేదు. స్టేషను తిప్పే పెద్ద మర మీద సన్నగా తిప్పుకోడానికి ఇంకో చిన్న మర ఉంది.

డాబా మీద చీకటి పడేదాకా రెండూ చూశాడు. ముల్లు సెట్టులో హైదరాబాదు తగలగానే ముల్లు చివరికంటా లేచింది. నల్లదానిలో గొంతు కొంచెం మూసుకుపోయినట్టుంది.

"నల్లది గొంతుకి గుడ్డ కట్టినట్టుంది. ఇది సూడు, ఈల నేదు, గీర నేదు. ఇదే తీసుకో," అన్నాడు.

జగ్గారావు ఒకసారి రేడియో వైపూ ఒకసారి తవిటయ్య వైపూ చూశాడు. "నువ్వు సెప్పినాక ఏటుంది బావా," అన్నాడు.

ఘోష్ బాబు హిందీలో చెప్పాడు: నచ్చకపోతే పూజలోగా తెచ్చి ఇంకోటి పట్టుకెళ్ళండి. పూజలో బొట్టు పెట్టిన సామాను మాత్రం నేను తీసుకోను. ఆ పట్టింపు ఊరంతా ఉంది. బొట్టు పెట్టాక మిషను మంచిదైనా చెడ్డదైనా నీదే. పూజ సోమవారం. ఆదివారం దుకాణం మూత. అంటే శనివారం వరకు గడువు.

మొదటిరోజు గది నిండింది. రెండోరోజూ నిండింది. మూడోరోజు తొమ్మిదిమంది వచ్చారు. నాలుగోరోజు ఆరుగురు. ఓవర్‌టైం ఉందేమో, వాన పడిందేమో అనుకున్నాడు తవిటయ్య. వచ్చినవాళ్ళు కూడా వార్తలవగానే లేచిపోతున్నారు. ఇదివరకు అరగంట కబుర్లు చెప్పుకుని గానీ కదిలేవాళ్ళు కాదు.

"సెట్టు ఎలాగున్నాదిరా?" అని నీలకంఠాన్ని అడిగాడు. నీలకంఠం అతనికన్నా పదేళ్ళు చిన్నవాడు, అదే షెడ్డులో ఆఫీసు వైపు గుమాస్తా.

"బాగున్నాదన్నా," అన్నాడు నీలకంఠం, చెప్పులు వెతుక్కుంటూ.

శుక్రవారం సాయంత్రం వాన. తవిటయ్య కూతురు పద్మకుమారి గొడుగు పట్టుకుని గదికి వచ్చింది. సాక్చీలో టైపు నేర్చుకుని తిరిగివస్తూ తండ్రిని తీసుకుపోదామని ఆగింది. పద్మకి పంతొమ్మిదేళ్ళు. తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పడం అలవాటు. గుమ్మంలో నిలబడి ఒక నిమిషం విన్నదేమో, చేత్తో చెవి మూసుకుంది.

"బాబా, యే సీటీ బంద్ కరో నా."

"ఏ సీటీ?"

"యేహీ. సీటీ బజ్ రహీ హై." రేడియో వైపు చెయ్యి చూపించింది.

తవిటయ్య మరని అటూ ఇటూ కొంచెం కదిపాడు. ముల్లు కిందికి వాలి మళ్ళీ పైకి లేచింది. "ఈలేటే గుంటా? ఈల నేదు."

వార్తలు చదివే మనిషి ఏదో జిల్లా పేరు చెబుతున్నాడు. చాప మీద జగ్గారావు తన కాలిగోళ్ళు చూసుకుంటున్నాడు. తవిటయ్య వెనక్కి తిరిగి ఒక్కొక్క మొహమే చూశాడు. ఆ ఆరుగురి మొహాల్లోనూ, సుత్తి దెబ్బ పడబోతున్నప్పుడు పక్కనున్నవాళ్ళు పెట్టే మొహమే ఉంది.

"నీలకంఠం," అన్నాడు. "ఈల ఉందేటిరా?"

"ఉందన్నా. తొలిరోజు కాడ్నుంచీ ఉంది. బుర్రలోకి సూది దిగినట్టుంటాది."

"మరి సెప్పలేదేటి?"

"నువ్వు కుర్చీలో కూకుని బాగుందంటే, మాకే ఏదో అయిందనుకున్నాం. తరవాత నీకు..." అని ఆపేశాడు.

"నాకేటి?"

"నీకు ఇనబడ్నేదని తెలిసిపోనాది. అది ఎలాగ సెప్తాం అన్నా."

తవిటయ్య రేడియో కట్టేశాడు. కిటికీ రేకు మీద వాన చప్పుడు అతనికి బాగానే వినిపిస్తోంది. ఇంటికి బయల్దేరారు. పద్మ సైకిలు వెనక కూర్చుని గొడుగు పట్టింది. గొడుగు సగం ఆమె మీద, సగం గాలి మీద ఉంది.

ఇంటి దగ్గర భార్య చిలకమ్మ అన్నం పెడతానంటే, కొంచెం ఆగమన్నాడు. తన పచ్చకన్ను సెట్టు వేసి, వేడెక్కేదాకా దాని ముందు పీట మీద కూర్చున్నాడు. పెట్టె మీదికి తువ్వాలు లాగి పచ్చకన్నుని మూసేశాడు.

"గుంటా, నాను తిప్పుతాను. ఈల వచ్చినప్పుడు సెయ్యెత్తు. పోయినప్పుడు దించు. నోటితో సెప్పకు."

పద్మ చెయ్యెత్తింది. అతనికి దూరంగా ఏదో పాట మాత్రమే వినిపించింది. కొంచెం తిప్పాడు. చెయ్యి దిగింది. ఇంకా తిప్పాడు. మళ్ళీ లేచింది. అలా ఏడెనిమిదిసార్లు చేశారు. దాదాపు ప్రతిసారీ ఆ చెయ్యి అతనికేమీ వినిపించని చోటే లేచింది. ఒకసారి మాత్రం ఇద్దరికీ వినిపించింది, అది లావుపాటి బొయ్యిమనే చప్పుడు.

ఆ పచ్చకన్నుని కప్పేస్తే తను స్టేషను సరిగ్గా పట్టలేకపోతున్నాడని కూడా అతనికి అప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ పట్టింది చెవి కాదు. పచ్చవెలుగు రెండు పక్కల నుంచీ వచ్చి కలిసేదాకా తిప్పడం ఎవరైనా చేస్తారు. ఘోష్ బాబు దుకాణం డాబా మీద కూడా తను ముల్లునే చూశాడు. ఆ నల్ల సెట్టు ఈలని తోసేసింది, దానితోపాటు గొంతులో పదునుని కూడా కొంచెం తోసేసింది. ఆ సెట్టు చేసిన పనికే తను వంక పెట్టాడు. రెండు గుణాలూ ఒకచోట ఉండవని పదిమందికి చెప్పినవాడు తనే.

చిలకమ్మ గుమ్మం మీద కూర్చుని ఇదంతా చూసింది. "నాలుగేళ్ళ నుంచీ నాను పిలిత్తే రెండోసారికి గానీ పలకవు," అంది. "పొగరనుకున్నాను."

"పొగరైతే బాగున్ను," అన్నాడు తవిటయ్య. "అన్నం పెట్టు."

షెడ్డులో అందరూ అరుచుకునే మాట్లాడుకుంటారు. అక్కడ చెవి ఉందో లేదో ఎవరూ చూడరు. ఇంట్లో పొగరనుకున్నారు. ఆ కుర్చీ ఒక్కటే మిగిలింది, చెవి ఉందని అందరూ నమ్మిన చోటు. ఏం చెప్పకుండా ఊరుకుంటే సోమవారం బొట్టు పెట్టేస్తారు. ఇంక ఎవరూ అడగరు. గదికి రావడం మాత్రం మానేస్తారు.

శనివారం మధ్యాహ్నం జగ్గారావుతో కలిసి సెట్టు పట్టుకుని బిష్టుపూర్ వెళ్ళాడు. ఘోష్ బాబు దాన్ని వేసి చూశాడు, ముల్లు లేచింది.

"దీనికేమైంది? నువ్వే కదా మిస్త్రీ, డాబా మీద రెండు గంటలు చూశావు," అన్నాడు హిందీలో.

జగ్గారావు కల్పించుకున్నాడు. "మా కమిటీవాళ్ళకి రంగు నచ్చలేదు బాబూ. నల్లదైతే..."

"ఒగ్గేయ్ జగ్గారావూ," అన్నాడు తవిటయ్య. తరవాత తనకొచ్చిన హిందీలో మెల్లగా, ఒక్కొక్క మాటా చెప్పాడు. "సెట్టుకి ఏమీ కాలేదు. అది లాగే సెట్టు, ఈలని కూడా లాగుతోంది. ఆ ఈల నాకు వినిపించదు. సుత్తి దగ్గర నా చెవి పోయింది. ఎంచడం నా తప్పు. నల్లది ఇప్పించండి."

ఘోష్ బాబు అతన్ని ఒకసారి చూసి, వెనక గదిలోంచి నల్ల సెట్టు తెచ్చి గుడ్డతో తుడిచి ఇచ్చాడు. తిరిగి వస్తుంటే దారిలో జగ్గారావు, "రంగంటే సరిపోయేది కదా బావా," అన్నాడు.

"ఇంకోడెవడో రేపు నన్ను డాబా ఎక్కిత్తే ఏటి సెప్పను? రంగనా?"

ఆ సాయంత్రం మాట ఎలా పాకిందో గానీ గదికి పదమూడుమంది వచ్చారు. తవిటయ్య నల్ల సెట్టుని బల్ల మీద పెట్టి, ఏరియలు కిటికీ చువ్వకి కట్టాడు. సెల్లు కొత్తవో కావో చూశాడు. తరవాత కుర్చీ పక్కనుంచి నడిచి గోడ వారగా చాప మీద కూర్చున్నాడు. గోడకి వీపు ఆనించాడు.

"నీలకంఠం, నువ్వు పట్టరా."

నీలకంఠం బల్ల దగ్గరికి వెళ్ళాడు. కుర్చీని మోకాలితో కొంచెం పక్కకి జరిపి, నిలబడే పెద్ద మర తిప్పాడు.

"ముందు పెద్దది. గొంతు దొరికినాక దాన్ని ముట్టుకోకు. సిన్నదాంతో ఈల పోయేదాకా ఎనక్కి రా. వెంట్రుక వాసి."

నీలకంఠం తిప్పాడు. చాపల మీద మొహాలు తేటపడ్డాయి. వాటిని చూసే, ఈల పోయిందని తవిటయ్యకి తెలిసింది.

"పోయిందా?"

"పోనాదన్నా."

వార్తలు మొదలయ్యాయి. తవిటయ్యకి మాటలు గుడ్డలోంచి వచ్చినట్టు వినిపించాయి. కొన్ని అందాయి, కొన్ని అందలేదు. అందనివి పక్కనున్న జగ్గారావు మొహం చూసి సరిపెట్టుకున్నాడు. నీలకంఠం మర మీద చెయ్యి తియ్యకుండా, నడుం వంచి అలాగే నిలబడ్డాడు. పొద్దుటి నుంచీ వాడిదీ షిఫ్టే. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటున్నాడు. కుర్చీ పక్కనే ఖాళీగా ఉంది.

తవిటయ్య కాసేపు చూశాడు.

"కూకోరా," అన్నాడు. "కాళ్ళు నొప్పెట్టవేటి?"

నీలకంఠం వెనక్కి తిరిగి చూసి, కుర్చీని దగ్గరికి లాక్కుని దాని అంచున కూర్చున్నాడు.