ఆయమ్మ రేకుపెట్టె

ఆయమ్మ పోయిన సంగతి నాకు దుకాణంలో తెలిసింది. హవేలిఘనపూర్ రైతు ఒకాయన తెచ్చిన కాలిన మోటారు విప్పి, నల్లబడ్డ రాగితీగను కోసి తీస్తున్నాను. నా భార్య ఫోన్ చేసింది.

"ఆయమ్మ పోయిందట. పొద్దున చాయ్ తాగి కుర్సీల కూసున్నది, కూసున్నట్టే పోయింది."

చేతిలోని తీగ కింద పెట్టాను. ఆమే మళ్లీ అడిగింది. "పెట్టె ఎవలింట్ల ఉన్నది ఇప్పుడు?"

చావు కబురు చెప్పిన నోటితోనే పెట్టె గురించి అడగడం బయటివాళ్లకు బాగుండకపోవచ్చు. మా వీధిలో ఎవరైనా అదే అడుగుతారు.

ఆయమ్మ ఒక దవాఖానాలో కాన్పుల వార్డు ఆయాగా చేసి రిటైరైంది. పింఛను కాగితాల మీద ఆమెకు ఒక పేరు ఉండే ఉంటుంది. మాకు మాత్రం ఆయమ్మే. పెళ్లి చేసుకోలేదు. నర్సాపూర్‌లో చెల్లెలి పిల్లలు ఉన్నారు. మెదక్‌లో చర్చి గంట వినపడే దూరంలో ఒక గది, ముందు చిన్న వసారా. ఆ వసారాలో ఒక ఆకుపచ్చ రేకుపెట్టె ఉండేది. ఉండేది అనడం కూడా తప్పే. అది ఎప్పుడూ ఎవరో ఒకరి ఇంట్లోనే ఉండేది.

అందులో పసిపిల్లల సామాను. దవాఖానాలో వాడే లాంటి ఎర్ర రబ్బరు షీటు. ఉతికి ఉతికి మెత్తబడ్డ ధోవతి ముక్కలు, లంగోటీలు. గుండీలు కోసేసి, వాటి చోట నాడాలు కుట్టిన చొక్కాలు. రెండు ఉన్ని టోపీలు. దోమతెర. తొట్టెల ఉయ్యాల కట్టుకునే తాళ్లు, కొక్కెం. ఒక ఉగ్గుగిన్నె, చెంచా. పాత చీరలతో కుట్టిన బొంత. పురుగు పట్టకుండా అడుగున వేపాకు. వీధిలో ఎవరింట్లో కాన్పు అయినా పెట్టె వాళ్లింటికి వెళుతుంది. పిల్ల కాస్త ఎదిగాక అన్నీ ఉతికి, ఎండబెట్టి, చిరిగినవి తీసేసి, తమ ఇంటి నుంచి ఒక్క వస్తువు చేర్చి తిరిగి ఇవ్వాలి. ఒక్కటే. ఎంత ఉన్నవాళ్లైనా రెండు పెడతామంటే ఊరుకునేది కాదు.

"మూత పడాలె బిడ్డా. మూత పడనంత సామాను ఏ పిల్లకూ అక్కరలేదు," అనేది.

తిరిగి వచ్చిన పెట్టెను ఆమె ఊరికే తీసుకునేది కాదు. మంచం మీద అన్నీ పరిచి, ఒక్కో గుడ్డను చెంపకు రాసి చూసేది. గరుకుగా ఉంటే పక్కకు పడేసేది. ఒకసారి ఎవరో సబ్బు సరిగా పోకుండా ఆరేసి పంపారు. ఆయమ్మ పెట్టెను మళ్లీ వాళ్లింటికే మోయించి, నడి వీధిలో నిలబడి, "నీ బిడ్డ ఒంటికి గీ సబ్బు వాసన పెడ్తవా? మరి ఇంకొకల బిడ్డకెందుకు పెడ్తవే?" అని అడిగింది. ఆ ఇల్లాలు మూడు నెలలు ఆమెతో మాట్లాడలేదు. మాటల విషయంలో ఆయమ్మ మెత్తని మనిషి కాదు. ఇది కూడా చెప్పాలి కదా.

నాలుగేళ్ల కిందట నా భార్య కడుపుతో ఉన్నప్పుడు ఆ పెట్టె నాకు అక్కరలేదనుకున్నాను.

నేను శివ్వంపేట దగ్గరి పల్లెలో పుట్టినవాణ్ణి. నేను పుట్టినప్పుడు మా నాయిన తలకు చుట్టుకునే పాత రుమాలు చింపి నాకు చుట్టారని అమ్మ చాలాసార్లు చెప్పింది. ఆమె మామూలుగానే చెప్పేది గానీ నాకు మాత్రం అది గుచ్చుకునేది. పదో తరగతితో చదువు ఆపి, మోటార్ల వైండింగు నేర్చుకుని, మెదక్‌లో కిరాయి దుకాణం పెట్టుకున్నాను. టీవీలో తెల్లగా, బొద్దుగా ఉన్న పిల్లలు, వాళ్ల చుట్టూ రంగురంగుల సామాను కనిపిస్తుండేవి. బజారులో పిల్లల సామానుకే అద్దాల తలుపుల దుకాణం కూడా వచ్చింది. నా పిల్లకు అన్నీ కొత్తవే ఉండాలనుకున్నాను.

మా అమ్మకూ ఆ పెట్టె ఇష్టం లేదు. "ఎవలెవలింట్ల తిరిగిందో ఏమో," అనేది. ఎవరెవరు అని ఆమె విడమరచి చెప్పలేదు. నాకు అర్థమైంది. నాకు కావలసింది కూడా అదే కాబట్టి ఊరుకున్నాను.

బిడ్డ పుట్టకముందు సామాను కొనకూడదని మా వైపు పట్టింపు. కొన్నాక ఇంట్లో పెట్టకూడదు కదా అని, వానాకాలం పని డబ్బులన్నీ పెట్టి కొన్నది తెచ్చి దుకాణంలో మోటార్ల వెనక దాచాను. తోసుకుపోయే బండి, చక్రాల వాకరు, ఆరు పాలసీసాల సెట్టు, సబ్బూ నూనే పౌడరూ ఉన్న గిఫ్టు డబ్బా. వాటి మీద గోనెసంచి కప్పాను.

ఒకరోజు ఆయమ్మ టేబుల్ ఫ్యాన్ బాగుచేయించుకోవడానికి వచ్చింది. కూర్చోవడానికి చోటు వెతుకుతూ గోనెసంచి లాగింది.

"ఇదేంది మెకానిక్? మోటార్లకు పిల్లలు పుట్టినయా?"

నేను సిగ్గుపడి నవ్వాను. ఆమె తోపుడు బండిని ముందుకు వెనక్కు జరిపి చూసింది.

"ఈ బండిని ఏడ నూకుతవ్ కొడుకా? మన గల్లీల మోరీ కాల్వ దాటనీకే నా పానం పోతది. ఇందుల పిల్లను పెట్టి నూకితే పిల్లకు దంతాలు రాకముందే ఊడుతయ్."

"పెద్దగైనంక రోడ్డు మీద తిప్పుత ఆయమ్మా."

"పెద్దగైనంక అదే నడుస్తది. నువ్వు ఎన్క ఉరుకుతవ్." వాకరును కాలితో పక్కకు జరిపింది. పాలసీసాల డబ్బా చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూసింది. అప్పుడు నవ్వలేదు. "ఇది మాత్రం విప్పకు. కడుపుకు తల్లి పాలు, కిందికి పొడిగుడ్డ, మీదికి ఎచ్చదనం. ఇయి మూడు కాకుండ నువ్వేం తెచ్చినా అది నీ సంతోషానికి, పిల్లకు కాదు."

నా సంతోషానికే అయితే ఏం తప్పని మనసులో అనుకున్నాను. ఫ్యాన్ బాగుచేసి ఇచ్చాను.

కాన్పు నెల ముందే వచ్చింది. చలికాలం. తెలంగాణ కోసం బందులు నడుస్తున్న రోజులు. ఆడపిల్ల, రెండు కిలోలు కూడా లేదు. అరచేతి నుంచి మోచేతి దాకా సరిపోయేది. నాలుగో రోజు ఇంటికి పంపుతూ డాక్టరమ్మ చెప్పింది. పిల్లను వెచ్చగా ఉంచాలి, పాలు చప్పరించకపోయినా ఒళ్లు చల్లబడినా ఆలస్యం చేయకుండా హైదరాబాద్ తీసుకుపోవాలి. ఆ వారం బస్సులు లేవు. జీపు మాట్లాడుకుందామంటే నా డబ్బులు చక్రాలుగా మారి దుకాణంలో కూర్చున్నాయి.

అప్పుడు నాకు తెలిసిన పని నేను చేశాను. కోళ్లఫారాల్లో పిల్లలకు బల్బులు పెట్టడం చూశాను. పిల్లను పడుకోబెట్టిన మంచానికి పైన హోల్డరు బిగించి వంద వాట్ల బల్బు వేలాడదీశాను. ఎంత ఎత్తులో ఉండాలో చేయి పెట్టి చూసుకున్నాను. నా పనితనం మీద నాకు నమ్మకం. అమ్మ కూడా చూసి, "మా వాడు తెలివిగల్లోడు," అంది. పిల్ల ముఖం ఆ వెలుగుకు ఎర్రగా కనిపించేది. నా భార్య మాత్రం పిల్ల పక్కనే కూర్చుని, పదే పదే చేయి పెట్టి చూసేది.

రెండో రోజు పొద్దున కోత సమయం కాకముందే కరెంటు పోయింది. గంట దాటినా రాలేదు. పిల్ల కాళ్లు చల్లబడ్డాయి. ఏడుపు కూడా పిల్లి కూనలా సన్నబడింది. నేను ఫ్యూజు పీకి చూస్తున్నాను, స్తంభం దాకా పోయి వస్తున్నాను. ఎవరు చెప్పారో తెలియదు, ఆయమ్మ వచ్చింది. వెనక ఇద్దరు ఆడవాళ్లు పెట్టె మోసుకొచ్చారు.

ఆమె ముందు బల్బును చూసింది. తరువాత నన్ను చూసింది.

"కోడిపిల్ల అనుకున్నవా రా? కోడి కూడా తన రెక్కల కిందనే పెట్టుకుంటది గదా!"

నా భార్యను రవిక విప్పమని, లంగోటీ ఒక్కటి తప్ప పిల్ల ఒంటి మీద బట్టలన్నీ తీసేసి, టోపీ పెట్టి, తల్లి రొమ్ముల మధ్య కప్పపిల్లలా అతికించింది. కట్టడానికి పెట్టెలో అంత పొడవు గుడ్డ లేదు. దండెం మీద నా భార్య నీలం అంచు నేత చీర ఉంటే, దాన్ని లాగి ఇద్దరినీ కలిపి చుట్టి ముడివేసింది. పైన బొంత కప్పింది. పిల్ల చప్పరించలేకపోతే పాలు గిన్నెలోకి పిండించి, చెంచా అంచుతో ఒక్కో చుక్క పెదవి మీద వదిలింది. ఒక్క చుక్క మింగాక మరొకటి. ఆ చెంచా ఎంత నెమ్మదిగా కదిలిందో నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

"ఒక్క గడియ కూడ కింద పెట్టొద్దు. తానానికి పోతే ఇంకొకలు కట్టుకోవాలె," అంది.

"నేను కట్టుకుంట," అని అమ్మ ముందుకు వచ్చింది. అమ్మకు అప్పుడు దగ్గు ఉంది.

"నువ్వు దూరముండు అక్కా. ఇగో, ఈడున్నడు గదా మెకానిక్. అంగి తియ్ కొడుకా. బనీను కూడ."

అమ్మ నోటి మీద చేయి పెట్టుకుంది. ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేసేదాకా మగవాళ్లు పురిటి పిల్లను ముట్టరు. "మొగోడు పురిట్ల పిల్లను రొమ్ముకు కట్టుకుంటడా? నలుగురు నవ్వరా?"

"నవ్వితే నవ్వనియ్. బిడ్డ ఉంటే ఆ నలుగురు రేపు ముద్దు పెడ్తరు. లేకుంటే అయ్యో అంటరు. నీకేది కావాలె?"

నేను చొక్కా తీసి కూర్చున్నాను. గుండె మీద పిల్లను పెట్టినప్పుడు చల్లగా తగిలింది, తడిగుడ్డ వేసినట్టు. ఆయమ్మ చీర చుట్టి నా వీపు వెనక బిగించింది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. కాళ్లు తిమ్మిరెక్కాయి. పిల్ల ఊపిరి నా ఊపిరితో కలవడం, కలవకపోవడం లెక్క పెట్టుకుంటూ ఉన్నాను. నెమ్మదిగా ఆ చల్లదనం పోయింది. కరెంటు వచ్చి బల్బు వెలిగినప్పుడు దాన్ని ఆర్పమని నేనే చెప్పాను.

మూడు వారాలు అట్లాగే నడిచింది. పొద్దున నేను కట్టుకునేవాణ్ణి, తరువాత నా భార్య. మోటార్లు తెచ్చిన రైతులు ఇంటికే వచ్చి, నన్ను ఆ వేషంలో చూసి ముందు నవ్వారు. తరువాత వాళ్లే గొంతు తగ్గించి మాట్లాడడం నేర్చుకున్నారు. రోడ్డు మీద ఊరేగింపులు పోయేవి, నినాదాలు వినపడేవి. మా వసారాలో కూర్చుని లంగోటీలు మడతపెడుతూ ఆయమ్మ అడిగింది. "తెలంగాణ వస్తె కరెంటు పోదంటున్నరు. నిజమేనా మెకానిక్?"

"అంటున్నరు ఆయమ్మా."

"వస్తె మంచిదే. వచ్చేదాంక పిల్లను ఎచ్చగ పెట్టుండ్రి."

పదిహేనో రోజు పిల్ల తనంత తానే చప్పరించింది. ఆ సాయంత్రం నా వీపు వెనక ముడి వేసింది మా అమ్మ. ఆయమ్మ కంటే గట్టిగానే వేసింది.

కొన్న సామాను సంగతి చెప్పాలి. అద్దాల దుకాణంవాళ్లు వాపసు తీసుకోలేదు. పాలసీసాల డబ్బా విప్పకుండానే అటక ఎక్కింది. వాకరును పిల్ల రెండు రోజులు ఎక్కి, తరువాత తిరగేసి చక్రాలు తిప్పుకుంటూ ఆడుకుంది. తోపుడు బండిలో మాత్రం నేను ఇప్పటికీ రాగితీగ చుట్టలు ఒక మూల నుంచి ఇంకో మూలకు తోసుకుంటున్నాను. దాన్ని చూసినప్పుడల్లా ఆయమ్మ, "నీ పిల్ల బాగ బరువెక్కింది," అనేది.

పెట్టె తిరిగి ఇచ్చే రోజు మా ఇంటి నుంచి ఏం పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. నా భార్య నీలం అంచు చీర మడతపెట్టి పైన ఉంచింది. అది దాచుకుందామని అమ్మ అంది. నాకూ అదే అనిపించింది. నా భార్య ఒక్క మాటే అంది. "దాసుకుంటే చీర అయితది. పెట్టెల ఉంటే పనికొస్తది." ఆయమ్మ చీరను చెంపకు రాసి చూసి, మూత వేసింది. కొంచెం బలంగా నొక్కాల్సి వచ్చింది. పడింది.

ఆయమ్మ పోయిన రోజు మధ్యాహ్నమే ఆమెను మట్టి చేసి వచ్చాం. మా అమ్మ కూడా సమాధుల దాకా నడిచి వచ్చి, పిడికెడు మన్ను వేసింది. నర్సాపూర్ నుంచి వచ్చిన చెల్లెలి కొడుకు గది సర్దుతూ, "పెద్దమ్మ సామానుల ఒక రేకుపెట్టె ఉంటదని అమ్మ చెప్పింది. కానొస్తలేదు," అన్నాడు. అది ఆమె సామాను కాదని, వీధిదని చెప్పడానికి నాకు కొంచెం సమయం పట్టింది. విని తల ఊపాడు. "అయితే ఇగ ఎవలు చూసుకుంటరు?" అని అడిగాడు. పెట్టెను చూసినవాళ్లు చాలామంది ఉన్నారు. గుడ్డను చెంపకు రాసి చూసే మనిషి ఒక్కతే ఉండేది.

మర్నాడు పొద్దున పెట్టెను వెతుక్కుంటూ వీధి చివర ఆటో నడిపే అబ్బాయి ఇంటికి వెళ్లాను. వాళ్లకు పది రోజుల కిందట కొడుకు పుట్టాడు. మళ్లీ చలికాలమే. రాష్ట్రం వస్తుందంటున్నారు, ఇంకా రాలేదు. కరెంటు పోతూనే ఉంది. వాకిట్లో ఆకుపచ్చ పెట్టె మూత తెరిచి ఎండలో ఉంది. దండెం నిండా లంగోటీలు, నాడాల చొక్కాలు ఆరేసి ఉన్నాయి. నాకు తెలియకుండానే ఒక గుడ్డను అందుకుని చెంపకు రాసుకున్నాను. మెత్తగానే ఉంది.

ఆ అబ్బాయి గడప మీద ఎండకు కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద చొక్కా లేదు. నన్ను చూసి లేవబోయి, లేవలేక ఆగిపోయాడు.

"మట్టికి రాలేకపోయిన అన్నా," అన్నాడు మెల్లగా. "వీడు దిగనియ్యలె. ఆయమ్మనే కట్టిపోయింది మొన్న."

అతని గుండె మీద నీలం అంచు చీర చుట్టి ఉంది. పైకి ఉన్ని టోపీ ఒక్కటే కనిపిస్తోంది.