బండారులంకలో సన్నబడ్డ నెమలి

2008లో, వేసవి మొదట్లో, బండారులంక నుంచి వరలక్ష్మిగారు ఫోన్ చేసేరు. అమలాపురంలో నేను కంప్యూటర్ల షాపు పెట్టి అప్పటికి తొమ్మిదేళ్లు. ఆవిడకి కొత్త వైడ్‌స్క్రీన్ మానిటరు బిగించి మూడు వారాలు కూడా కాలేదు. పాత డబ్బా మానిటరు ఇంకా నా దగ్గరే ఉందా, ఉంటే తిరిగి బిగించగలనా అని అడిగేరు. కారణం చెప్పలేదు. స్కూటరు తీసుకుని వెళ్లేను.

వాళ్లది నేత కుటుంబం. మామగారు సత్యంగారిది మగ్గం మీద నలభై ఏళ్ల అనుభవం. కోడలు వరలక్ష్మిగారు చీర అంచుల డిజైన్లు కంప్యూటర్లో గీస్తారు. దాని ప్రకారం అట్టలకి రంధ్రాలు కొట్టిస్తారు. మగ్గం పైనున్న జకార్డు ఆ రంధ్రాలని బట్టి పోగులు లేపుతుంది. గీతలో తేడా ఉంటే నేతలో బయటపడిపోతుంది.

ఆవిడ నమూనా ముక్క నా ముందు పరిచేరు. అంచులో నెమళ్లు, ఎవరో రెండు పక్కల నుంచీ నొక్కేసినట్టు, కొంగల్లా ఉన్నాయి. తెర మీద చూస్తే అదే నెమలి నిండుగా, ముచ్చటగా ఉంది.

"నాకే సరిగ్గా కనబడట్లేదేమోనండి" అన్నారావిడ.

కళ్ల డాక్టరుకి చూపించుకున్నారట. ఏ లోపమూ లేదన్నారట. ఈలోగా పెళ్లిచీరల ఆర్డరు ఆగిపోయింది. ఇకమీదట కాగితం మీదే గీయిద్దామని మామగారు వేరే ఊళ్లో ఒకాయనతో మాట్లాడేరట. ఐదేళ్లుగా ఆ ఇంటి డిజైన్లన్నీ ఆవిడవే.

నేను కుర్చీలో కూర్చుని కంప్యూటర్లో ఒక గుండ్రటి సున్నా గీసి, తెర మీద స్కేలు పెట్టి కొలిచేను. నిలువు పది సెంటీమీటర్లు. అడ్డం పన్నెండు.

రిజల్యూషన్ అంటే తెర మీద అడ్డంగా ఎన్ని చుక్కలు, నిలువుగా ఎన్ని అనే లెక్క. ఆ మానిటరుది 1680, 1050. ఆవిడ కంప్యూటర్లోని పాత డ్రైవరు, అంటే బొమ్మని తెరకి పంపే సాఫ్ట్‌వేరు, ఆ లెక్క చూపించలేదు. బిగించిన రోజు నేను పాత 1024, 768లోనే వదిలేసేను. మానిటరు దాన్ని అడ్డంగా సాగదీసి తెరంతా నింపింది. అక్షరాలు పెద్దగా కనబడితే ఆవిడ సంతోషించేరు, నేను వచ్చేసేను. తర్వాత నెమలి లావుగా కనబడుతోందని ఆవిడ దాన్ని సన్నం చేసేరు.

సత్యంగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. సెట్టింగేదో మారిపోయిందని చెప్పి సరిచేసి వచ్చేయొచ్చు. నోరు రాలేదు.

"ఆవిడ కళ్లదీ కాదు, చేతిదీ కాదండి తప్పు. బిగించినప్పుడు నేను చేసింది" అన్నాను.

ఆయన లోపలికి వచ్చి స్కేలు అందుకున్నారు. సున్నాని రెండు వైపులా తనే కొలిచేరు. "ఆయ్" అన్నారు. కోడలి వైపు తిరిగేరు.

"ఇన్ని రోజులూ నిన్ను అనుమానించేనమ్మా."

ఆవిడ కొంగుతో కళ్లద్దుకుని నా కోసం టీ పెట్టడానికి లోపలికెళ్లేరు.

షాపుకి వెళ్లి కొత్త డ్రైవరు సీడీలో తెచ్చి వేసేను. సున్నా గుండ్రంగా నిలబడింది. ఆ ఊపులో రంగులు కూడా పట్టించుకున్నాను. మానిటరు డైనమిక్ మోడ్‌లో ఉంది. షోరూములో మెరుపు కోసం పెట్టేది అది, ఎరుపుని ఊదా వైపు లాగేస్తోంది. వరలక్ష్మిగారు ఎర్ర నూలు పోగుల చిలప ఒకటి తెర పక్కన పట్టుకున్నారు. నేను బటన్లు నొక్కుతూ కలర్ టెంపరేచర్, అంటే తెర తెలుపులో నీలం పాలు, తగ్గిస్తూ వచ్చేను. ఎక్కడ ఆపాలో చెప్పింది ఆవిడే.

"చాలండి. ఇది మా ఎరుపే."

ఆవిడ నెమలిని మళ్లీ గీసి కొత్త అట్టలు కొట్టించేరు. రెండో నమూనాలో నెమలి నెమలిలాగే వచ్చింది. పెళ్లిచీరలు మగ్గమెక్కేయి. ఆ వేరే ఊరాయనకి సత్యంగారే కబురు పంపి వద్దన్నారు.

ఆ తర్వాత ఎన్నో మానిటర్లు బిగించేను, ఇప్పుడైతే తెరలు మరీ వెడల్పు. సెట్టింగుల మెనూ తెరిచే ముందు దాని మీద ఏం పని చేస్తారని అడుగుతాను. ఎవరైనా తమ చూపే బాగాలేదేమో అంటే, ముందు నా పని సరిచూసుకుంటాను.