పద్మనగర్‌లో ప్రశ్నలకు పెట్టిన పరీక్ష

కరోనా సద్దుమణిగి బడులు మళ్లీ తెరిచిన ఏడాది, వేసవి సెలవులకు కాస్త ముందు, నన్ను భివండి పంపారు. అప్పుడు నేను మహారాష్ట్ర విద్యాశాఖలో మూల్యాంకన అధికారిని. ఉపాధ్యాయులకు ఫోన్, కంప్యూటర్ పని ఏపాటి వచ్చో కొలిచే ప్రశ్నావళి ఒకటి తయారైంది. దాన్ని అక్కడ మన నేతకారులు వలస వచ్చి స్థిరపడిన పద్మనగర్‌లోని తెలుగు బడిలో సరిచూడాలి. ప్రశ్న తాను కొలవాల్సినదాన్నే కొలుస్తోందా అని చూడడాన్ని మా వృత్తిలో సప్రమాణత అంటారు. బెల్లం తూచేముందు తక్కెడ చూసుకోవడం లాంటిదే, అంతకంటే బ్రహ్మవిద్యేం కాదు.

భివండి రోడ్ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కాను. గల్లీలోకి తిరగగానే సాంచెల మోత అందుకుంది. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. బడిలో పాఠాలు కూడా ఆ మోత మీదుగానే సాగేవి. చడీచప్పుడూ లేని ఫ్లాట్‌లో ఉంటున్న నాకు ఇప్పటికీ దాని మీద ప్రాణం లాగుతుంది.

మా పద్ధతి ప్రకారం టీచర్ ముందు ప్రశ్నావళి నింపాలి, తర్వాత అదే పని మా ఎదుట చేసి చూపాలి. రెంటికీ పొంతన కుదరాలి. రాజమణి టీచర్ దగ్గర అది కుదరలేదు. ఆవిడ చూస్తుండగానే ఫోన్‌లో బొమ్మలు, అక్షరాలతో వీడియో పాఠం తయారుచేసి పిల్లల ఇళ్లకు పంపేశారు. కాగితం మీద మాత్రం ‘మీ గొంతుతో పాఠం రికార్డు చేసి పంపుతారా?’ లాంటి ప్రశ్నలన్నిటికీ ‘ఎప్పుడూ లేదు’ అని గీత గీశారు. దాంతో బడి మొత్తంలో అడుగున నిలిచారు. ఆ మార్కులు చూసి మా పై అధికారి, ఆవిడ ఇష్టంగా నడుపుతున్న డిజిటల్ తరగతిని మరొకరికి అప్పగించాలన్నారు.

రాజమణి టీచర్ ఊరుకునే మనిషి కాదు. “గొంతు పంపుతే ఎవలింటరు సార్? పిల్లల అవ్వలు సాంచెల కాడ కండెలు చుడ్తరు. ఫోన్ ఆళ్ల తాననే ఉంటది, బడి ఇడిసినంక పిల్లలు గాడ్నే సదువుకుంటరు. గా మోతల ఏం ఇనవడ్తది? అందుకే బొమ్మలు, పెద్ద పెద్ద అక్షరాలు పంపుత. రాక కాదు సార్, ఫాయిదా లేక!”

ఆ సాయంత్రం ఆవిడ వెంట ఒక షెడ్డుకు వెళ్లాను. ఫోన్‌లో నేను రికార్డు చేసుకున్న నా గొంతు నాకే వినబడలేదు. నూలు కండెలు చుడుతున్న ఒక తల్లి చెయ్యి ఆపకుండానే ఫోన్‌ను కూతురి వైపు జరిపింది. ఆ పిల్ల తెర మీది అక్షరం చూసి పలక మీద దిద్దుకుంది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

సంగతి విన్న పై అధికారి ‘ఆడలేక మద్దెల ఓడు’ అని నవ్వారు. ఈసారి ఓడు మద్దెలకే ఉందని నేను రాసిచ్చాను. సరిచూసే దశలో పరీక్ష ప్రశ్నలకే గాని మనుషులకు కాదు, ఆ మార్కులతో ఎవరి పనీ మార్చకూడదు అన్నది మా నియమం. ఆయన చాలా గొణిగారు గాని నియమాన్ని దాటలేకపోయారు. తరగతి రాజమణి టీచర్‌కే ఉండిపోయింది. ప్రశ్న మాత్రం ‘మీ పిల్లలకు అందేలా పాఠం తయారుచేసి పంపుతారా?’ అని మారింది.

తర్వాత రిటైరయ్యేదాకా, ‘ఎప్పుడూ లేదు’ అన్న జవాబు ఎదురైనప్పుడల్లా, అది రాకనా, అక్కర్లేకనా అని అడిగి తెలుసుకోకుండా ఎవరినీ మార్కు వేయనివ్వలేదు.